నేను మింగేసిన పేరు

పత్రికల్లో చేరదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ఏ మంత్రిని ఇరుకున పెట్టానో, ఏ కుంభకోణాన్ని బయటికి లాగానో చెబుతానని ఆశగా చూస్తారు. నాయనా, నేను ఎవరినీ ఇరుకున పెట్టలేదు. ముప్పై ఏళ్లు ఒక దినపత్రిక వరంగల్ ఎడిషన్‌లో డెస్కు ముందు కూర్చున్నాను. ఊళ్ల నుంచి విలేకరులు పంపిన వార్తలను కోసి, కుదించి, శీర్షికలు పెట్టి, పేజీలో కుక్కాను. డెస్కు వాళ్ల పేర్లు ఎవరూ వేయరు కాబట్టి నా పేరు ఒక్కసారి కూడా అచ్చులో పడలేదు. నిజం చెప్పాలంటే అదే హాయి. ఎవరి తిట్లూ మనదాకా రావు.

కాబట్టి ఆ ముప్పై ఏళ్ల సంగతి వదిలేయండి. నేను చెప్పాలనుకున్నది రిటైరయ్యాక చేసిన నాలుగేళ్ల కొలువు గురించి. ఆ నాలుగేళ్లు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. అందులో ఒక రోజు తలచుకుంటే మాత్రం తల దించుకోవాలనిపిస్తుంది. ఆ రోజు కోసమే ఇది రాస్తున్నాను.

రిటైరైన ఏడాదికి ఒక అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, అది మానేసి వచ్చిందట. కూర్చోగానే అడిగింది.

"నన్ను గుర్తు పట్టిండ్రా సార్?"

"లేదు బిడ్డా."

"కాలేజీల ఉన్నప్పుడు మా హాస్టల్ల నీళ్లు వస్తలేవని రాసుకొని మీ ఆఫీసుకు వచ్చిన. మీరు మొత్తం చదివిండ్రు. మంచిగ రాసినవ్ బిడ్డా అన్నరు. అనుకుంటనే ఆ కాయితాన్ని చాయ్ గిలాస కింద పెట్టిండ్రు."

ఆ హాస్టల్ ఆయన మా పేజీకి ప్రకటనలు ఇచ్చేవాడు. ఆ కాగితం ఏమైందో నాకు గుర్తు లేదు గానీ, అట్లాంటి కాగితాలు ఏమవుతాయో బాగా గుర్తుంది.

ఆమె నిష్ఠూరానికి రాలేదు. తనూ, తనతో చదువుకున్న ఇంకో అబ్బాయీ కలిసి ఒక వార్తల సైటు పెడుతున్నారట. ఎవరైనా ఏదైనా రాయవచ్చు. చదివినవాళ్లు నచ్చితే పై బాణం నొక్కుతారు, నచ్చకపోతే కింది బాణం నొక్కుతారు. పై బాణాలు ఎక్కువ పడ్డది పేజీలో పైకి పోతుంది. మధ్యలో ఎడిటర్ అనే మనిషే ఉండడు.

"ఎడిటర్ లేకుంటే మరి నాతోటి ఏం పని?" అన్నాను.

"ఏ వార్త వెయ్యొద్దో మీకు మంచిగ తెలుసు కద సార్. మీరు పక్కకు పెట్టిన అసుంటివన్నీ మాకు గావాలె."

వంటింట్లోంచి మా ఆవిడ పకపకా నవ్వింది. "పోండ్రి, ఇన్నేండ్లకు మీకు తగిన కొలువు దొరికింది" అన్నది. వెళ్లాను.

హనుమకొండలో ఒక జిరాక్స్ దుకాణం పైన రెండు గదులు. కింద మెషిన్ తిరిగితే పైన మా బల్లలు సన్నగా వణికేవి. ఒక గదిలో ఆ అబ్బాయి కంప్యూటర్లు పెట్టుకుని రాత్రీ పగలూ కోడు రాసేవాడు. నన్ను అంకుల్ అనేవాడు, రోజుకు ఓ పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఇంకో గదిలో అమ్మాయి, నేను. గోడకు ఆమె స్కెచ్ పెన్నుతో రాసిన అట్ట వేలాడేది. "తీసెయ్యం. జవాబు రాయండి." అదే మా రాజ్యాంగం. చంపుతామని బెదిరించినా, ఎవరి ఫోటోలో ఫోన్ నంబర్లో పెట్టి అల్లరి చేసినా తీసేసేవాళ్లం. అంతకు మించి దేన్నీ ముట్టేది లేదు. ఒకసారి సైటు ఎక్కిన మాటలో అక్షరం కూడా మార్చకూడదు, మేమైనా సరే.

నాకు అప్పగించింది ఫోన్. రాయడం రానివాళ్లు, ఫోన్‌లో టైపు చేయలేనివాళ్లు పొద్దున పది నుంచి ఒంటి గంట దాకా ఫోన్ చేసి చెబితే నేను టైపు చేయాలి. దానికో పద్ధతి ఉంది. చెప్పింది చెప్పినట్టు కొట్టాలి. అయిపోయాక మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాలి. అవతలి మనిషి "ఆఁ, గంతే" అన్న తర్వాతే మీట నొక్కాలి. అందుకే మా ఆఫీసులో దాని పేరే గంతే అయిపోయింది. "సార్, గంతే అయిందా?" అని అమ్మాయి అడిగేది. "అయింది" అంటే సైటు ఎక్కినట్టు.

మొదటి రెండు నెలలు ఈగలు తోలుకున్నాం. కాలేజీ పిల్లలు క్యాంటీన్ సాంబారు గురించి రాసేవాళ్లు, దాన్ని వాళ్లే చదువుకునేవాళ్లు. తర్వాత ఆటోవాళ్లు పట్టుకున్నారు. ఏ రోడ్డు తవ్వారు, ఎక్కడ గుంత పూడ్చలేదు అని రాయడం మొదలుపెట్టారు. ములుగు అవతల నుంచి ఒకాయన వారానికోసారి గుట్ట ఎక్కి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి, వాళ్ల ఊరికి బస్సు వచ్చిందో రాలేదో చెప్పేవాడు. "ఈ వారం గూడ రాలే సారూ. రాసుకోండ్రి. గంతే." అంతే వార్త. కానీ వారం వారం అదే మాట చదివి జనానికి ఆయన మీద మోజు పుట్టింది. చివరికి బస్సు వచ్చిన వారం ఎన్ని పై బాణాలు పడ్డాయో! పేజీలో ఆ పూట ఆయనే రాజు.

ఇంకోసారి ఒక లీడరు అనుచరుడు ధుమధుమలాడుతూ మెట్లెక్కి వచ్చాడు. వాళ్ల అన్న మీద ఎవరో రాశారట.

"ఎవడాడు? పేరు జెప్పు. తీసెయ్యి ముందుగాల!"

అమ్మాయి కుర్చీ చూపించి చాయ్ తెప్పించింది. "తీసెయ్యం అన్నా. జవాబు రాయి. నీకు రాయరాకుంటే సార్ రాస్తడు" అన్నది. ఆయన అరగంట గొణిగి, చివరికి నా పక్కన కూర్చుని జవాబు చెప్పాడు. నేను కొట్టాను, చదివాను, గంతే అన్నాడు. సాయంత్రానికి అన్నీ కింది బాణాలే. మర్నాడు మళ్లీ వచ్చాడు, ఇంకో జవాబుతో. ఆ తర్వాత ఆయనకు అదో వ్యసనమైంది. రోజూ ఎవరితోనో సైటులో తగువు పెట్టుకునేవాడు. మాకు కూలి లేని కార్యకర్త దొరికాడు.

అంతా బంగారమే అని చెప్పను. అబద్ధాలు కూడా వచ్చేవి, పైకి కూడా పోయేవి. కులం పేరుతో కారుకూతలు వచ్చేవి. జవాబులు రాసేవాళ్లు రాసేవాళ్లు గానీ, తిట్టుకున్నవాళ్లు మనసు మార్చుకున్నది తక్కువ. నేను గొణిగితే అమ్మాయి "మీ పేపర్ల అబద్ధాలు రాలేదా సార్?" అనేది. నేను మళ్లీ ఫోన్ ఎత్తేవాణ్ని.

నా బాధ వేరే ఉండేది. చేతులు ఊరుకునేవి కావు. ఎవరైనా ఒకటే మాట నాలుగుసార్లు చెబితే మూడు కొట్టేయాలని వేళ్లు జివజివలాడేవి. ఆపుకునేవాణ్ని. ఏడాదిన్నర ఆపుకున్నాను. ఇక మానిందనుకున్నాను.

ఎండలు ముదురుతున్న రోజులు. పదిన్నరకు ఫోన్ మోగింది. రఘునాథపల్లి వైపు ఒక ఊళ్లో బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె. మాట తొట్రుపాటు లేకుండా, ముందే కూర్చుకున్నట్టుగా వచ్చింది.

"మా బడిల బోరు ఎండిపోయింది సారూ. ఊరి పెద్దమనిషి ఆయన బాయి నుంచి ట్రాక్టర్ మీద నీళ్లు తెప్పిస్తాండు. తెప్పిచ్చుడు మంచిదే. గని నీళ్లు తెచ్చే డ్రమ్ము పత్తికి కొట్టే మందు కలిపే డ్రమ్ము. ఎంత తోమినా వాసన పోతలేదు. గా నీళ్లతోనే అన్నం వండుమంటాండ్రు. పిల్లలు కడుపునొప్పి అంటాండ్రు. నా బిడ్డ గూడ గా అన్నమే తింటది. నా పేరు పెట్టుండ్రి సారూ."

"పెడుతున్నానమ్మా."

"ఊరి పేరు, నా పేరు, మా ఆయన పేరు గూడ పెట్టుండ్రి. మర్వకుండ్రి."

మొత్తం చదివి వినిపించాను. చివర ఆమె పేరు, భర్త పేరు కూడా చదివాను. "ఆఁ, గంతే. నా పేరు ఉన్నది కద?" అని మూడోసారి అడిగింది. ఉన్నదమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసింది.

నా వేలు మీట మీద ఆగిపోయింది. నేను కుర్ర సబ్ ఎడిటర్‌గా ఉన్నప్పుడు, ఒక కూలి మనిషి పేరు వార్తలో ఉంచినందుకు ఆయన్ను ఊళ్లో చితకబాదారు. ఆ రోజు నుంచి చిన్నవాళ్ల పేర్లు కనబడితే నేను కొట్టేస్తాను. "పేరు చెప్పడానికి ఇష్టపడని ఒకరు" అని రాస్తాను. ఎంతమంది ఇష్టపడలేదో, ఎంతమందిని నేనే ఇష్టపడకుండా చేశానో ఆ దేవుడికే తెలియాలి. ఈమెది రేపోమాపో పీకేసే కొలువు. పెద్దమనిషి ఊరుకుంటాడా? ఇదంతా ఆమె మంచికే అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం, ఆయన మా మీద కేసు వేస్తే ఫోన్‌లో రాసుకున్నవాడు ఎవడని నా దగ్గరికి వస్తారన్న భయం.

రెండు పేర్లూ తీసేశాను. ఆ చోట "బడిలో వంట చేసే ఒక మహిళ" అని కొట్టి మీట నొక్కాను. లోపలి నుంచి అమ్మాయి అడిగింది. "గంతే అయిందా సార్?"

"అయింది" అన్నాను.

ఆ మాట మా సైటులో అంతకు ముందు ఏదీ ఎక్కనంత పైకి ఎక్కింది. మధ్యాహ్నానికి వరంగల్ దాటింది. హైదరాబాద్ వాళ్లు, ఎక్కడెక్కడి వాళ్లో పై బాణాలు నొక్కుతూనే ఉన్నారు. అంతమంది ఒక్కసారి మీద పడేసరికి సైటు రెండుసార్లు ఆగిపోయింది. అబ్బాయి జుట్టు పీక్కుంటూ, ఆనందంతో కేకలు వేస్తూ దాన్ని మళ్లీ లేపాడు. మూడో రోజుకు టీవీవాళ్లు ఆ ఊరికి పోయారు. నాలుగో రోజుకు డ్రమ్ము పోయి కొత్త నీళ్ల ట్యాంకు వచ్చింది. అప్పటిదాకా మమ్మల్ని పిల్లల ఆట అన్న పెద్ద పత్రికలవాళ్లు ఫోన్ చేసి ఇదేం సైటని అడగడం మొదలుపెట్టారు.

ఐదో రోజు మేం పండగ చేసుకున్నాం. అమ్మాయి మిర్చి బజ్జీలు తెప్పించింది. మా కార్యకర్త కూడా వచ్చి కూర్చున్నాడు. "మీవల్లనే సార్" అని అమ్మాయి నా పళ్లెంలో ఒక బజ్జీ ఎక్కువ వేసింది. అంతకన్నా పెద్ద సన్మానం నాకు జీవితంలో జరగలేదు. దాన్ని కొరుకుతుండగా తలుపు దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. చెప్పులు బయట విడిచి, కొంగు నడుముకు చెక్కి, లోపలికి వచ్చింది.

"ఫోన్ల రాసుకునే సారెవరు?"

గొంతు గుర్తుపట్టాను. లేచి నిలబడ్డాను.

"నా పేరు ఏంజేసినవ్?"

ఫోన్‌లో "పెట్టుండ్రి, మర్వకుండ్రి" అన్న మనిషి, నన్ను నువ్వు అన్నది. అనవలసిందే.

"అమ్మా, నీకు ఇబ్బంది కావద్దని..."

"నాకు ఇబ్బందని నేను జెప్పిన్నా? మూడుసార్లు చెప్పిన. పేరు పెట్టు, పేరు పెట్టు, పేరు పెట్టు. చదివి వినిపిచ్చినవ్ కద! ఇనిపిచ్చి మింగినవ్!"

కూర్చోబెట్టి నీళ్లిచ్చింది అమ్మాయి. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ బడిలో వంట చేసేవాళ్లు ఇద్దరు. రెండో ఆమెకు భర్త లేడు, ఇద్దరు పిల్లలు. నెల కిందే ఆ డ్రమ్ము గురించి పెద్దమనిషితో బజార్లో గొడవ పెట్టుకుంది. ఇప్పుడు "వంట చేసే ఒక మహిళ" అని చూసేసరికి ఊరంతా ఆమెనే అనుకున్నారు. రేపటి నుంచి బడికి రావద్దన్నారు.

"నేనే చెప్పిన్నని ఊరంత తిరిగి చెప్పిన సారూ. ఎవ్వలు నమ్ముతలేరు. దాన్ని కాపాడుతందుకు నువ్వు మీద ఏసుకుంటున్నవ్ అంటాండ్రు. నీ పేరేది, చూపియ్యి అంటాండ్రు. ఏం చూపియ్యాలె? అది పొయ్యి దగ్గరికి రాక మూడు దినాలు. దాని పిల్లలకు నేనేం చెప్పాలె?"

అప్పుడు కన్నీళ్లు పెట్టుకుంది. అంతసేపూ కోపమే ఆమెను నిలబెట్టినట్టుంది. పేరు ఎందుకు పెట్టమంటున్నదో నేను ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. మూడుసార్లు చెప్పిందానికి ఒక్కసారి ఎందుకని అడగలేదు. అడగడం డెస్కు మీద మాకు అలవాటు లేదు.

అమ్మాయి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఇది ఈమె గంతే అన్న మాటేనా సార్?" అన్నది.

"కాదు బిడ్డా."

"మళ్ల చాయ్ గిలాస కింద పెట్టిండ్రు సార్" అన్నది, మెల్లగా.

నన్ను చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. "తీసేద్దాం" అన్నాను. "అది తీసేసి, పేరుతో మళ్లీ పెడదాం. ఎవరికీ తెల్వదు." ఏడాదిన్నరగా వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పిన మాట మర్చిపోయి, ఆ లీడరు అనుచరుడిలాగే మాట్లాడాను. ఆయన కూడా అక్కడే బజ్జీ పట్టుకుని కూర్చున్నాడు. నావైపు జాలిగా చూసి, గోడ మీది అట్ట వైపు గడ్డం ఎత్తాడు.

"జవాబు రాయుండ్రి సార్" అన్నది అమ్మాయి. "మీ పేరుతోని."

కూర్చున్నాను. ముప్పై ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా, మొదటి వాక్యం దానంతట అదే వచ్చింది. "సాంకేతిక కారణాల వల్ల ఫిర్యాదుదారు పేరు ప్రచురితం కాలేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము." చదివి వినిపించాను.

"గదేంది?" అన్నది ఆమె ముక్కు తుడుచుకుంటూ. "సాంకేతికమంటే ఎవరు? ఆయన తీసిండా?"

ఆ గదిలో అందరూ నవ్వారు, నేను కూడా. నవ్వుతూనే అది చెరిపేసి మళ్లీ కొట్టాను. ఈ మాటలు చెప్పింది ఫలానా ఆమె, ఫలానా ఆయన భార్య. తన పేరు పెట్టమని మూడుసార్లు చెప్పింది. నేను సరే అని, చదివి వినిపించి, ఆ తర్వాత తీసేశాను. భయపడి తీసేశాను. రెండో ఆమెకు దీనితో సంబంధం లేదు. తప్పు నాది. కింద నా పూర్తి పేరు. నా పేరు నేను పదిమంది చదివే చోట రాసుకోవడం అదే మొదలు.

చదివి వినిపించాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"ఆఁ. గంతే. నొక్కు."

"నువ్వే నొక్కమ్మా" అన్నాను. నొక్కింది.

మర్నాడు పది కొట్టకముందే ఫోన్ మోగింది. "నేను ఫలానా పిల్ల తల్లిని సారూ. గా డ్రమ్ము నేను గూడ చూసిన. నా పేరు పెట్టు." రాసి, చదివి, గంతే అనిపించుకుని పెట్టేసరికి ఇంకొకామె. అది కాగానే ఇంకొకామె. అందరూ ఆ ఊరి తల్లులే. వాళ్లందరినీ కూడగట్టింది ఎవరో చెప్పనక్కర లేదు. ఇద్దరు వంటవాళ్లలో ఎవరిని తీసేసినా పిల్లల్ని బడికి పంపబోమని ప్రతి ఒక్కరూ పేరు పెట్టి మరీ చెప్పారు. ఒంటి గంట దాటినా ఫోన్ ఆగలేదు. అన్నం తినకుండా కొడుతూ కూర్చున్నాను. ప్రతి పేరూ రెండుసార్లు చదివాను. మధ్యలో ఒకామె విసుక్కుంది కూడా, "ఒక్కసారి చెప్తే సమజ్ కాదా సారూ?" అని.

సోమవారం నాడు రెండో ఆమె పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చింది. ఆ కబురు నాకు ఫోన్‌లోనే అందింది. వార్తగా కాదు, నాకు చెప్పాలనే మొదటి ఆమె ఫోన్ చేసింది.

ఆ తర్వాత సైటు మస్తుగా పెరిగింది. హైదరాబాద్ నుంచి మనుషులు వచ్చారు, ఆఫీసు అక్కడికి మారింది. నేను కళ్లజోడు నంబరు పెరిగిందని చెప్పి మానుకున్నాను గానీ, అసలు కారణం జిరాక్స్ మెషిన్ వణుకు లేని చోట నాకు పని చేయబుద్ధి కాకపోవడం. అమ్మాయి, అబ్బాయి కూడా తర్వాత దాన్ని వేరేవాళ్లకు అప్పజెప్పి తమ దారిన పోయారు. ఇప్పుడు జనం చిన్న చిన్న వీడియోలు చూసుకుంటున్నారు, అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంది? ఆ సైటు అంగళ్లు ఎత్తేసిన సంతలాగా ఉంది. కానీ వెతికితే ఆ మాట ఇంకా అక్కడే ఉంది. నేను పెట్టిన "ఒక మహిళ" ఉంది. దాని కింద నా జవాబు ఉంది. దానికి కింది బాణాలే ఎక్కువ పడ్డాయి, చూసుకోండి. ఆ కింద ఆ తల్లుల పేర్లన్నీ వరసగా ఉన్నాయి.

ఇందులో నేను ఎవరి పేరూ రాయలేదు. పాత రోగం తిరగబెట్టిందని మీరు అనుకోవచ్చు. అందుకే ఇది రాయడం అయ్యాక ఆమెకు ఫోన్ చేశాను. ఇప్పటికీ అదే బడిలో వండుతున్నది. మొత్తం చదివి వినిపించాను, బజ్జీ దగ్గర నుంచి సాంకేతికం దాకా. చెప్పులు విడవకుండా లోపలికి వచ్చిందని రాశాను మొదట. "లేదు సారూ, విడిచే వచ్చిన, కోపమైతే మాత్రం గట్ల వస్తనా?" అన్నది. దిద్దాను.

"నీ పేరు పెట్టాలా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకు సారూ? గప్పుడు నా పేరు లేకుంటే దాని పొయ్యి ఆరిపోతుండె. ఇప్పుడు ఎవలిది ఆరుతది? వద్దు."

"వద్దంటావా? ఆలోచించుకొని చెప్పు."

"వద్దంటున్న కద. ఇప్పుడన్న నా మాట ఇనుండ్రి."

వెనక పిల్లల గోల, గంటెల చప్పుడు వినిపించాయి. వడ్డించే వేళైనట్టుంది.

"అయితే గంతేనా అమ్మా?"

"ఆఁ, గంతే" అన్నది. అప్పుడే దీన్ని పంపాను.